31 లక్షల బండి పక్కన పెట్టండి, రెండున్నర లక్షల ప్రయాణానికి బయల్దేరండి

ప్రశ్న: నాకు 60 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో చేసి ఈ మధ్యే రిటైరయ్యాను. కూకట్‌పల్లిలో సొంత ఫ్లాటు ఉంది, అప్పుల్లేవు. పీఎఫ్, గ్రాట్యుటీ, అంతకుముందు దాచుకున్నది అంతా కలిపి చేతిలో 62 లక్షలున్నాయి. ఈపీఎస్ పెన్షన్ నెలకు 5,200 వస్తుంది. ఇంటి ఖర్చు 40 వేలు. తడ నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రం పక్కనే, పెద్ద హైవే వీలైనంత తక్కువ ఎక్కి, రెండు నెలలపాటు నింపాదిగా తిరగాలని నాకూ మా ఆవిడకూ (57) ఎన్నాళ్ల కోరికో. అందుకని ఆన్‌రోడ్ 27 లక్షల ఎస్‌యూవీ కొని, ఇంకో 4 లక్షలతో లోపల పడక, వంట ఏర్పాటు చేయించాలనుకుంటున్నాను. ఇప్పుడున్నది 2018 నాటి చిన్న పెట్రోల్ కారు, దానికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంది. షోరూం వాళ్లు 20 లక్షలు లోన్ పెట్టుకోమంటున్నారు. మా అబ్బాయి ఈ వయసులో ఇదంతా దేనికంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లి రండి. బండి మాత్రం కొనకండి. మీ ఉత్తరంలో ఈ రెండూ ఒకే ఖర్చుగా కలిసిపోయాయి. బహుశా మీ అబ్బాయి కంగారు కూడా 31 లక్షలన్న అంకె విని పుట్టిందే అయుంటుంది. బండి పక్కన పెట్టి అడిగి చూడండి, ఆయన గొంతు మారొచ్చు.

ముందు ఇంటి లెక్క చూద్దాం. మీకు 60 నిండాయి కాబట్టి పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షల దాకా వేయొచ్చు. 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకు 61,500, అంటే నెలకు 20,500 పడుతుంది. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో మీ ఇద్దరి పేర జాయింటుగా 15 లక్షలు వేస్తే 7.4 శాతం మీద నెలకు 9,250. పెన్షన్ కలుపుకుంటే మొత్తం 34,950. మీ ఖర్చు 40 వేలు కాబట్టి నెలకు ఐదు వేల పైచిలుకు తక్కువ పడుతోంది. ఆ లోటు తీర్చడానికీ, ఆరోగ్యానికీ, అనుకోని వాటికీ చేతిలో 17 లక్షలు మిగులుతాయి. ఉన్నంతలో ఇది కుదురైన పరిస్థితే, కానీ చేయి జారితే పట్టుకునే చోటు ఎక్కువ లేదు.

ఇందులోంచి 31 లక్షలు బండికి తీసేశారనుకోండి. మిగిలిన 31లో 30 లక్షలు సీనియర్ స్కీమ్‌లో వేసినా నెలకు వచ్చేది పెన్షన్‌తో కలిపి 25,700. లోటు నెలకు 14,300, ఏడాదికి లక్షా డెబ్భై వేలు దాటుతుంది. చేతిలో ఉండేది ఒక్క లక్ష. మొదటి ఏడాది గడవకుండానే అసలు కోసుకోవాల్సి వస్తుంది. సీనియర్ స్కీమ్‌ను ఏడాదిలోపు మూసేస్తే వడ్డీయే ఇవ్వరు, ఏడాది దాటి రెండేళ్లలోపు మూస్తే అసల్లో ఒకటిన్నర శాతం కోస్తారు.

లోన్ మాట కూడా చూద్దాం. 20 లక్షలకు 9 శాతం మీద ఐదేళ్లకు ఈఎంఐ 41,500 దాటుతుంది. మీ ఇంటి ఖర్చు మొత్తం కంటే ఎక్కువ! జీతం వచ్చే రోజుల్లో అలవాటైన ఈఎంఐ ధైర్యం రిటైరయ్యాక పనికిరాదు. షోరూం వాళ్లకు ఆ సంగతి తెలియక కాదు, వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు.

ఇంకో విషయం కూడా మీకెవరూ చెప్పి ఉండరు. ఆ 27 లక్షల్లో బండి ధరతో పాటు ప్రభుత్వానికి కట్టే లైఫ్ టాక్స్ కూడా ఉంది. తెలంగాణలో 20 లక్షలు దాటిన కారుకు అది 18 శాతానికి తక్కువ ఉండదు. రెండు నెలలు తిరిగొచ్చి అమ్మేద్దామన్నా ఆ డబ్బు తిరిగి రాదు. పైగా సీట్లు పీకించి పడక, స్టవ్ పెట్టించడం అంటే బండిని మార్పించడమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా అలాంటి మార్పులు చేయకూడదు. చెప్పకుండా చేయించుకుని రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిమ్ తోసిపుచ్చడానికి మంచి సాకు దొరికినట్టే.

డబ్బు సంగతి అలా ఉంచి, మీరు తిరగాలనుకుంటున్న దారులకు పెద్ద బండి సుఖం కూడా కాదు. దివిసీమలో, కోనసీమలో ఏటిగట్ల మీద, కాలవగట్ల మీద రోడ్లు తెలిసిందేగా. ఎదురుగా కొబ్బరికాయల లోడుతో ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే, ఆ పోయేది ట్రాక్టరు మాత్రం కాదు. నర్సాపురం దగ్గర మాధవాయిపాలెం రేవులో పంటు (మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే బల్లకట్టు) ఎక్కించేటప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. చెక్కల మీదుగా ఫస్ట్ గేర్‌లో మెల్లగా ఎక్కించి, పంటు కుర్రాడు చెయ్యెత్తిన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి దిగాలి. ముందూ వెనకా మోటార్‌సైకిళ్లు, పాల క్యాన్లు సర్దేస్తారు. చిన్న కారుకు ఏ మూలో చోటు దొరుకుతుంది. వశిష్ట గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగితే అంతర్వేది దగ్గరే. పంటు వద్దనుకుంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావచ్చు.

ఇక ప్రయాణం ఖర్చు. నార్కట్‌పల్లి, అద్దంకి మీదుగా నెల్లూరు వైపు దిగి, తడ దాకా వెళ్లి, అక్కణ్నుంచి ఒడ్డునే పైకి ఇచ్ఛాపురం దాకా, తిరిగి హైదరాబాద్. మధ్యలో పక్కదార్లు కలిపి 3,000 కిలోమీటర్లు వేసుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు, లీటరు 110 రూపాయలనుకున్నా పెట్రోలు 22 వేలు దాటదు. రెండు నెలల ప్రయాణంలో అన్నిటికంటే చిన్న ఖర్చుల్లో ఇదొకటి. (యానాంలో పుదుచ్చేరి పన్నులు కాబట్టి పెట్రోలు చవక. కోనసీమ వాళ్లందరికీ తెలిసిన సంగతే, మీరూ అక్కడే ట్యాంకు నింపుకోండి.)

డబ్బంతా పోయేది రాత్రుళ్లకే. 60 రాత్రులు, సగటున 1,800 చొప్పున 1,08,000. భోజనాలు, టీలు ఇద్దరికీ రోజుకు 900 లెక్కన 54 వేలు. బయల్దేరే ముందు సర్వీసింగ్, రెండు కొత్త టైర్లు కలిపి 25 వేలు. పంటులు, పడవలు, గుళ్లు, ఉప్పాడ చీర కనపడితే ఆగని చెయ్యి, అన్నిటికీ 20 వేలు. మొత్తం 2,29,000. దాని మీద 15 శాతం అదనంగా ఉంచుకుంటే 2,63,000 అవుతుంది. ఈ రెండు నెలలూ ఇంట్లో కూరగాయలు, గ్యాస్, పాలు, పనిమనిషి సగం జీతం మిగులుతాయి కాబట్టి చేతి నుంచి పడేది రెండున్నర లక్షల లోపే.

ఉప్పాడ చీర మాట నవ్వులకు రాయలేదు. 20 వేలలో ఒక జాందానీ వచ్చేసిందంటే మిగతావాటికి ఏమీ మిగలదు. మీ శ్రీమతి గారితో దాని బడ్జెట్ ముందే విడిగా మాట్లాడుకోండి, దారిలో గొడవ తప్పుతుంది.

నింపాదిగా తిరగడంలోనే ఆదా ఉంది. రోజుకో ఊరు మారితే ప్రతిరోజూ పూర్తి రేటు, ప్రతి పూటా హోటల్ తిండి. ఒకేచోట ఐదారు రోజులు ఉంటామంటే చిన్న లాడ్జీల్లో, ఇళ్లలో అద్దెకిచ్చే గదుల్లో రేటు తగ్గిస్తారు, బట్టలు ఉతుక్కోవచ్చు, కాస్త వంటా చేసుకోవచ్చు. సూర్యలంక లాంటి చోట శనాదివారాలు విజయవాడ, గుంటూరు జనం దిగుతారు, గదుల రేట్లు ఎక్కడో ఉంటాయి. అలాంటి ఊళ్లకు సోమవారం చేరి శుక్రవారం పొద్దున బయటపడండి. వారాంతాలకు జనం రాని ఊళ్లు పెట్టుకోండి. నాగాయలంకలో కృష్ణ ఒడ్డున కూర్చోవడానికి, ఎదురుమొండికి పంటు మీద వెళ్లి రావడానికి ఆదివారమైనా ఒకటే. ఉత్తరాన కళింగపట్నం, బారువ కూడా అలాంటివే.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా డబ్బు ప్రశ్నే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వద్దు. మన తీరాన్ని కొట్టిన పెద్ద తుపాన్లు గుర్తుతెచ్చుకోండి: దివిసీమ ఉప్పెన 1977 నవంబరు, కోనసీమ తుపాను 1996 నవంబరు, హుద్‌హుద్ 2014 అక్టోబరు, బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం 2023 డిసెంబరు. సంక్రాంతి వారం భీమవరం చుట్టుపక్కల గది దొరకడమే గగనం, కోడిపందేల పుణ్యమా అని దొరికినా రేటు వినలేం. పండగ అయ్యాక, జనవరి 20 ప్రాంతంలో బయల్దేరి మార్చి మూడో వారానికి ఇంటికి చేరేలా చూసుకోండి. భీష్మ ఏకాదశి ముందురోజు రాత్రి అంతర్వేదిలో స్వామి కళ్యాణం. జనం ఇష్టమైతే అప్పుడే వెళ్లండి, లేదంటే వారం అటూ ఇటూ జరపండి.

మధ్యలో ఒకసారి ఇంటికి వచ్చి వెళ్లమని నా సలహా. కాకినాడలో తెలిసినవాళ్లుంటే వాళ్లింట్లో కారు పెట్టి గౌతమి ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే లింగంపల్లిలో దిగుతారు, అక్కణ్నుంచి కూకట్‌పల్లి ఎంత దూరమని? నాలుగు రోజులుండి ఇల్లు చూసుకుని, డాక్టరుకు చూపించుకుని, మందులు తెచ్చుకుని మళ్లీ వెళ్లొచ్చు. ఇద్దరికి స్లీపర్ టికెట్ల ఖర్చు పెద్దదేం కాదు. ఇల్లు వరుసగా నెలకు మించి తాళం వేసి ఉంటే దొంగతనం క్లెయిమ్ చెల్లదనే షరతు చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో ఉంటుంది. మీకు అలాంటి పాలసీ ఉంటే తీసి చదవండి. బంగారం ఎలాగూ లాకర్లోనే ఉండాలి.

ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్ పెట్టిన విషయం. ఉద్యోగం పోగానే కంపెనీ ఇచ్చిన గ్రూప్ హెల్త్ పాలసీ కూడా పోయుంటుంది. మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా ఊసే లేదు. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారే వీలుంటుంది, గడువు దాటకుండా ఈ వారమే కనుక్కోండి. కొత్తగా తీసుకుంటే బీపీ, షుగరు లాంటి పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. ఇద్దరూ కలిసి వాడుకునే 10 లక్షల ఫ్లోటర్ పాలసీకి ఏడాదికి 50, 60 వేలు పక్కన పెట్టుకోండి. ఇది లేకుండా ఊరు దాటకండి. పాలసీ చేతికొచ్చాక దారిలోని ఊళ్లలో, అంటే నెల్లూరు, ఒంగోలు, భీమవరం, కాకినాడ, విశాఖల్లో, క్యాష్‌లెస్ ఆసుపత్రుల పేర్లు ఒక కాగితం మీద రాసి కారు డ్యాష్‌బోర్డులో పెట్టండి. ఫోన్‌లో ఉంటే చాలదు, సిగ్నల్ లేని చోటే అవసరం పడుతుంది.

కారు ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే) నుంచి కాంప్రహెన్సివ్‌కు (మీ బండి నష్టానికి కూడా) మార్చుకోండి. బండిని ముందు తనిఖీ చేస్తారు కాబట్టి చివరి వారం దాకా ఆగకండి. ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా ఒక కవర్ ఉంటుంది, బండి వయసు చూసి కొన్ని కంపెనీలు ఇవ్వవు, ఇస్తే తీసుకోండి. ఎందుకంటే నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేసి ఇంజిన్ పాడుచేసుకుంటే మామూలు పాలసీ ఆ నష్టం ఇవ్వదు. ఉప్పాడ, కాకినాడ మధ్య బీచ్ రోడ్డు మీదకు సముద్రం ఎగిరిపడే రోజులుంటాయి. ఆ ఉప్పునీళ్లు కింద తగిలిన రోజే మంచినీళ్లతో కడిగించండి. యజమాని డ్రైవర్‌కు తప్పనిసరిగా ఉండే 15 లక్షల ప్రమాద బీమా మీ ఒక్కరికే వర్తిస్తుంది. మీ శ్రీమతి గారు కూడా స్టీరింగ్ పట్టుకునేట్టయితే ఆవిడకు విడిగా తీసుకోండి.

ఎక్కడా కారును ఇసుకలోకి దించకండి. లాగడానికొచ్చే ట్రాక్టరు వాడు చెప్పిందే రేటు, రోడ్డు సహాయం కవర్ సాధారణంగా రోడ్డు దిగితే పనిచేయదు. పైగా జనవరి నుంచి మార్చి దాకా మన ఒడ్డుకు తాబేళ్లు గుడ్లు పెట్టడానికొచ్చే కాలం.

17 లక్షల్లో రెండున్నర ప్రయాణానికి పోగా 5 లక్షలు అత్యవసరానికి స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు జోడించిన ఎఫ్‌డీ) ఉంచండి, ఏటీఎంలో తీసుకునేలా. మిగిలే తొమ్మిదిన్నరలో సగం బ్యాంకు ఎఫ్‌డీలో వేసి నెలనెలా లోటుకూ, హెల్త్ ప్రీమియానికీ వాడుకోండి. మిగతా సగం ఏడెనిమిదేళ్లు ముట్టుకోనని అనుకోగలిగితే ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) విడతలుగా పెట్టండి. ధరలు పెరుగుతూ వడ్డీ అలాగే ఉండిపోతే దీని అవసరం వస్తుంది. మార్కెట్ పడితే నిద్ర పట్టని మనిషైతే ఇది కూడా ఎఫ్‌డీనే.

సీనియర్ స్కీమ్‌లో డబ్బు ప్రయాణానికి ముందే జమచేయండి. వడ్డీ ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి మొదటి పనిదినాల్లో మీ సేవింగ్స్ ఖాతాలో పడుతుంది. ఏడాది వడ్డీ లక్ష దాటుతుంది కాబట్టి టీడీఎస్, అంటే వడ్డీలోంచి ముందే పన్ను, కోస్తారు. మీ ఆదాయం మీద పన్ను పడదు గనుక కోయవద్దని డిక్లరేషన్ ఫారం ఇచ్చి, ఏప్రిల్‌లో మళ్లీ ఇవ్వడం గుర్తుంచుకోండి. మార్చి మూడో వారానికి ఇంటికి చేరమనడానికి ఇది కూడా ఒక కారణం.

తిరిగొచ్చాక కూడా ఎస్‌యూవీ మీద మనసుంటే, రోజువారీ ఖర్చు రాసుకున్న పుస్తకంతో సహా మళ్లీ రాయండి. అప్పుడు సెకండ్ హ్యాండ్ బండి లెక్క చూద్దాం.