ఎకనామిక్స్ చదువుతానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లెటూరండి. కౌలుకి వరి చేస్తాను, కొంచెం కొబ్బరి తోట ఉంది. పెద్దమ్మాయి సీనియర్ ఇంటర్, ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. ఇంజినీరింగ్ వద్దు, ఎకనామిక్స్ చదివి యూనివర్సిటీలో పాఠాలు చెబుతాను, ప్రభుత్వ బడ్జెట్ల మీద పరిశోధన చేస్తాను అంటోంది. బంధువులేమో "బీఏకి పంపుతావా" అని నవ్వుతున్నారు. ఉద్యోగం వస్తుందా? ఎన్నేళ్లు పడుతుంది? ఎంత ఖర్చవుతుంది?
(ఒక తండ్రి, కోనసీమ జిల్లా)

జవాబు: ముందు ఎన్నేళ్లో చెబుతాను, ఖర్చు సంగతి అందులోనే తేలిపోతుంది. డిగ్రీ, ఎంఏ కలిపి ఐదేళ్లు. ఆ తర్వాత పీహెచ్‌డీకి నాలుగు నుంచి ఆరేళ్లు. అంటే మీ అమ్మాయి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పోటీపడే స్థాయికి వచ్చేసరికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. ఇంజినీరింగ్ చదివిన పిల్లలు అప్పటికి ఐదారేళ్లుగా జీతం తెస్తుంటారు. ఈ తేడా తెలిసే దిగాలి.

అయితే మీ చేతి డబ్బు పదేళ్లూ పెట్టాల్సిన పని లేదు. ఎంఏ అయ్యాక యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు ఇస్తారు. ఇంటి అద్దె భత్యం అదనం. జేఆర్‌ఎఫ్ రాకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరితే నెలకు 8,000 వస్తుంది, దాంతో గడవడం కష్టం. కాబట్టి మీరు ఐదేళ్ల ఖర్చుకి సిద్ధపడండి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆ ఐదేళ్లకీ ఫీజు కంటే హాస్టల్, మెస్ ఖర్చే పెద్దది. ప్రైవేటు యూనివర్సిటీల్లో లక్షల్లో ఉంటుంది. అప్పు చేసి అక్కడ చేర్పించమని మీకు చెప్పను.

ఇక బంధువుల మాట. బీఏ అనే పేరు చూసి భయపడక్కర్లేదు, అందులో లెక్కలు ఉన్నాయా లేవా అన్నదే చూడండి. ఎకనామిక్స్‌ని చరిత్రతోనూ పాలిటిక్స్‌తోనూ కలిపి, గణితం వదిలేసి చదివితే మూడేళ్ల తర్వాత మంచి ఎంఏ సీట్లన్నీ దూరమైపోతాయి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎంఎస్‌క్యూఈ, అంటే లెక్కలతో కూడిన ఎకనామిక్స్ పీజీ కోర్సు ప్రవేశ పరీక్షలో గణితం మీదే పెద్ద భాగం నడుస్తుంది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ముంబయిలో రిజర్వు బ్యాంకు పెట్టిన ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్... వీటిలో ఎక్కడ చేరినా క్లాసులో సగం బోర్డు సమీకరణాలే. ఎంపీసీ చదివిన పిల్ల కాబట్టి ఆ పునాది ఇప్పటికే ఉంది, దాన్ని పోగొట్టుకోకూడదు.

సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్లకి పెట్టే ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయించండి. ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌కి గణితం పేపర్ తప్పనిసరి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ కూడా ఈ పరీక్షతోనే. దూరం పంపలేం అనుకుంటే కాకినాడలోనో రాజమండ్రిలోనో గణితం, స్టాటిస్టిక్స్ బాగా చెప్పే కాలేజీలో బీఎస్సీ చేయించి, ఎంఏకి ఎకనామిక్స్‌లోకి మార్చండి. లెక్కలు లేని బీఏ కంటే అది నయం. నా దృష్టిలో డిగ్రీ ఎక్కడ చదివిందన్న దాని కంటే ఎంఏ ఎక్కడ చేసిందన్నది చాలా ముఖ్యం. సగం తలుపులు అక్కడే తెరుచుకుంటాయి.

ఉద్యోగాల విషయం దాచకుండా చెబుతాను. యూనివర్సిటీల్లో పర్మనెంట్ నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోతుంటాయి. ఈలోగా గెస్ట్ ఫ్యాకల్టీగా తక్కువ జీతానికి పనిచేస్తూ నలిగిపోతున్నవాళ్లు మన జిల్లాల్లోనే ఉన్నారు. పోస్టు వస్తే మూల వేతనం 57,700తో మొదలు. అందుకే పాఠాలు చెప్పడం ఒక్కటే నమ్ముకోకూడదు. ఎంఏతోనే యూపీఎస్‌సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాయొచ్చు, వయసు 21 నుంచి 30 లోపు ఉండాలి. పోస్టులు బాగా తక్కువ, 2025లో 12 మాత్రమే. రిజర్వు బ్యాంకులో ఆర్థిక పరిశోధన విభాగానికి గ్రేడ్ బి ఆఫీసర్లను విడిగా తీసుకుంటారు. ఢిల్లీలో 1976లో పెట్టిన ఎన్‌ఐపీఎఫ్‌పీ, అంటే ప్రభుత్వ ఆర్థిక విధానాల జాతీయ సంస్థ, హైదరాబాద్‌లో సెస్ అనే ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ లాంటి చోట్ల పరిశోధన ఉద్యోగాలుంటాయి. బ్యాంకులు, కన్సల్టెన్సీలు డేటా పట్టు ఉన్న ఎంఏ వాళ్లని తీసుకుంటాయి. పీహెచ్‌డీ మధ్యలో మానేసినా పిల్ల వీధిన పడదని నా ధీమా.

ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలంటే ఏమిటో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టారు, మీకు గుర్తుండే ఉంటుంది. మద్దతు ధరకి పెట్టుబడి కూడా రాదన్నారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. మురుగు కాలువల పూడిక తీయడానికి డబ్బు ఎవరివ్వాలి, కౌలు రైతుకి సాయం ఎలా చేరాలి, కేంద్రం పన్నుల్లో రాష్ట్రానికి ఎంత రావాలి అన్నవి ఈ చదువులోని అసలు ప్రశ్నలు. వై.వి.రెడ్డి గారి అధ్యక్షతన 14వ ఆర్థిక సంఘం రాష్ట్రాలన్నిటికీ కలిపి ఇచ్చే వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచమంది. అంత పెద్ద సిఫార్సు వెనక కొన్నేళ్ల లెక్కలుంటాయి, ఆ లెక్కలు కట్టేవాళ్లు ఇలాంటి పిల్లలే. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు రాష్ట్ర ఆర్థిక శాఖ కార్యదర్శిగా చేసి, తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నర్ అయ్యారు. ఈ ఇద్దరూ ఐఏఎస్ నుంచి వచ్చినవారు, ఆ దారి కూడా మీ అమ్మాయికి తెరిచే ఉంటుంది.

ఒక పరీక్ష పెట్టండి. రాష్ట్ర బడ్జెట్ పత్రాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో ఇరిగేషన్ పద్దు తీసి, ఒక ఏడాది అంచనాగా రాసిన మొత్తానికీ, రెండేళ్ల తర్వాతి బడ్జెట్‌లో వాస్తవ ఖర్చుగా చూపిన మొత్తానికీ తేడా ఎంతో చూడమనండి. ఆ తేడా ఎందుకొచ్చిందో రెండు పేజీలు ఇంగ్లీషులో రాయమనండి. తప్పులున్నా ఫర్వాలేదు. ఆ పని చేస్తూ రాత్రి పొద్దుపోయిందని కూడా గమనించకపోతే పంపండి. రెండో రోజే విసుగొస్తే, టీవీలో బడ్జెట్ చర్చలు చూసి ఇష్టపడిందేమో కూర్చోబెట్టి మాట్లాడండి.

మీరు అడగలేదు కానీ, ఇలాంటి ఉత్తరాల వెనక పెళ్లి బెంగ ఉంటుంది. పీహెచ్‌డీ అయ్యేదాకా ఆగాలనీ లేదు, పెళ్లి కోసం ఎంఏతో ఆపాలనీ లేదు. సంబంధం మాట్లాడేటప్పుడే ఆమె పరిశోధన సంగతి అవతలివాళ్లకి సూటిగా చెప్పండి. ఇప్పుడు మాత్రం సీయూఈటీ దరఖాస్తు గడువు దాటిపోకుండా చూసుకోండి, ఎంచుకునే సబ్జెక్టుల్లో గణితం ఉందో లేదో ఫీజు కట్టేముందు మీరే ఒకసారి చూడండి.