రిపోర్టు తప్పు నంబరుకు వెళ్తే ల్యాబ్ ఏం చేయాలి?

సందేహం: మాది గుంటూరు జిల్లాలో చిన్న ల్యాబ్. రిపోర్టులు వాట్సాప్‌లో పంపుతాం. పోయిన వారం 22 ఏళ్ల అమ్మాయి ప్రెగ్నెన్సీ టెస్టు రిపోర్టును మా రిసెప్షనిస్టు పొరపాటున అదే పేరున్న మరొకామెకు పంపేసింది. ఇద్దరిదీ ఒకే ఊరు. ఆ అమ్మాయికి ఇంకా తెలియదు. చెబితే కేసు వేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. చట్ట ప్రకారం మేం ఏం చేయాలి?

జవాబు: ఈ రోజే ఆమెకు చెప్పండి. మీ భయం నాకు అర్థమైంది. కానీ ఆ మాట ఊళ్లో నలుగురి నోటా పడి ఆమె చెవిన పడితే జరిగే నష్టాన్ని ఏ పరిహారమూ పూడ్చలేదు. ముందే తెలిస్తే ఇంట్లో ఎవరితో ఏం మాట్లాడాలో తనే నిర్ణయించుకుంటుంది. ఫోన్ వేరేవాళ్లు ఎత్తితే ల్యాబ్ పేరు కూడా చెప్పకండి, మళ్లీ చేయండి. ఆమె మేజర్. ఆమె ఒప్పుకోకుండా కన్న తండ్రికైనా ఆ రిపోర్టు గురించి చెప్పకూడదు.

తర్వాత రిపోర్టు అందుకున్న ఆమెతో మాట్లాడి తీసేయమనండి, ఎవరికీ పంపలేదని మెసేజ్ పెట్టించుకోండి. మీ ఫోన్‌లోని చాట్‌ను మాత్రం చెరిపేయకండి. ఎప్పుడు వెళ్లింది, మీరేం చేశారు అన్నదానికి అదే సాక్ష్యం.

ఇక చట్టం. 2011 నాటి ఐటీ (సమాచార సాంకేతిక) నియమాల ప్రకారం వైద్య రికార్డులు సున్నితమైన వ్యక్తిగత సమాచారం. దాన్ని కాపాడటంలో నిర్లక్ష్యం చేసి నష్టం కలిగిస్తే ఐటీ చట్టం సెక్షన్ 43ఎ కింద పరిహారం అడగవచ్చు. మాది సొంత ల్యాబే, కంపెనీ కాదు కదా అనుకోవద్దు. ఒక్కరే యజమానిగా ఉన్న సంస్థ కూడా దీని కిందికే వస్తుంది. జైలు మాట వేరు. నష్టం జరుగుతుందని తెలిసీ, ఒప్పందానికి విరుద్ధంగా బయటపెడితేనే సెక్షన్ 72ఎ వర్తిస్తుంది, మూడేళ్ల వరకు శిక్ష ఉంటుంది. మీరు చెప్పినట్లు ఇది పొరపాటే అయితే ఆ భయం అక్కర్లేదు. సేవా లోపం అని ఆమె వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే వీలు మాత్రం ఉంది. అక్కడ మీరు వెంటనే చెప్పారా, దాచారా అన్నది పెద్ద తేడా చేస్తుందని నా నమ్మకం.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. సంస్థల ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే వరకు. ఆ తర్వాత ఇలాంటిది జరిగితే బాధితులకూ డేటా రక్షణ బోర్డుకూ ఆలస్యం లేకుండా చెప్పాలి, 72 గంటల్లో బోర్డుకు పూర్తి వివరాలివ్వాలి. చెప్పకపోతే రూ.200 కోట్ల వరకు, జాగ్రత్తలే తీసుకోకపోతే రూ.250 కోట్ల వరకు జరిమానా. అవి గరిష్ఠ పరిమితులు. తప్పు తీవ్రతను బట్టే బోర్డు నిర్ణయిస్తుంది. మీ కంప్యూటర్లే హ్యాక్ అయితే మాత్రం కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు ఆరు గంటల్లో తెలపాలని 2022 నుంచే ఉంది. ఆ ఏడాది నవంబరులో సైబర్ దాడికి గురై ఢిల్లీ ఎయిమ్స్ రోజుల తరబడి కాగితాల మీదే పని నడిపింది.

రిసెప్షనిస్టును తీసేస్తే సమస్య తీరదు, పేరు చూసి పంపే పద్ధతే మారాలి. రిజిస్ట్రేషన్ అప్పుడే నంబరు చదివి వినిపించి ఖరారు చేసుకోండి, పంపేముందు పేరుతోపాటు బిల్లు నంబరూ పుట్టిన తేదీ సరిచూడండి. ఫైల్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. సిబ్బంది సొంత ఫోన్ల నుంచి రిపోర్టులు పంపడం ఇవాళే ఆపేయండి, ఉద్యోగం మానేసిన రోజున ఆ ఫోన్‌తోపాటు మీ పేషెంట్ల రిపోర్టులన్నీ బయటికి వెళ్లిపోతాయి. హెచ్ఐవీ రిపోర్టు అసలు వాట్సాప్‌లో వద్దు, పరీక్ష చేయించుకున్న మనిషి చేతికే ఇవ్వండి.