ముందు చప్పుడు చెయ్యని పనులు

ప్రశ్న: అక్కా, మాది మద్దిలపాలెం. వచ్చే నెల టెక్సస్‌లో ఎంఎస్ మొదలు. బీటెక్ ఒక్క బ్యాక్‌లాగ్ లేకుండా గట్టెక్కాను. అయినా సీనియర్లు ఎవర్ని అడిగినా "టైమ్ ఉండదు" అనే అంటున్నారు. సెమ్‌కి మూడు సబ్జెక్టులేగా, ఎందుకుండదు? పార్ట్‌టైమ్ కూడా చెయ్యాలి. అన్నీ ఒకేసారి మీద పడితే ఏది ముందు చూసుకోవాలి? మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు: మూడు సబ్జెక్టులే అన్నావు చూడు, అక్కడే లెక్క జారిపోయింది తమ్ముడూ. మూడంటే 9 క్రెడిట్లు. అక్కడ ఒక్కో క్రెడిట్‌కి వారానికి గంట క్లాసు, దానిపైన కనీసం రెండు గంటలు సొంతంగా చదువుకోవడం అని లెక్క. అంటే 27 గంటలు. క్యాంపస్‌లో ఉద్యోగం దొరికితే, క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు దాటడానికి ఎఫ్-1 (విద్యార్థి) వీసా ఒప్పుకోదు. పూర్తిగా చేశావనుకో, మొత్తం 47. ఇంకా వంట, గిన్నెలు, బట్టలు, సరుకులు, బస్సు కోసం ఎదురుచూపులు లెక్కలోకే రాలేదు. ఇన్నాళ్లూ అవన్నీ అమ్మ చేసింది, అందుకే నీ మనసుకి తట్టలేదు.

ఇంకో తేడా ఉంది. మన జేఎన్టీయూ పద్ధతిలో లోపల 30 మార్కులు, బయట పరీక్షకి 70. సెమ్ అంతా తిరిగినా ప్రిపరేషన్ హాలిడేస్‌లో ఆల్ ఇన్ వన్ గైడు ముందేసుకుని నాలుగు నైట్ అవుట్లు చేస్తే బయటపడిపోతాం. రికార్డు ఎప్పుడు పెట్టాలో, మిడ్ ఎప్పుడో సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) వాట్సాప్‌లో పెడతాడు. అక్కడ మార్కులు వారం వారం చిల్లరగా కరిగిపోతుంటాయి. గుర్తుచేసే సీఆర్ ఉండడు. ప్రొఫెసర్ మొదటి క్లాసులో సిలబస్ ఇచ్చేసి, "అన్నీ అందులో ఉన్నాయి" అంటాడు. నిజంగానే ఉంటాయి. మనవాళ్లలో దాన్ని చివరిదాకా చదివేవాళ్లు తక్కువ.

సెలవుకి వైజాగ్ వచ్చానా, మొన్న ఎంవీపీ కాలనీలో మా పెద్దమ్మ మనవరాలు తన కోర్సు పాత సిలబస్ ప్రింటు తీసుకుని నా దగ్గర కూర్చుంది. తనూ ఆగస్టులోనే ఎక్కుతోంది. హోంవర్కులు 25, క్విజ్‌లు 10, మిడ్‌టర్మ్ 25, ప్రాజెక్టు 30, క్లాసులో పాల్గొన్నందుకు 10. తేదీల వరసలో ముందు వచ్చేది క్విజ్ కదా అని దాని చుట్టూ ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసుకుంది. సరే, కాగితం మీదే లెక్క వేశాం. పది క్విజ్‌లు, అందులో తక్కువ వచ్చిన రెండు తీసేస్తారట. మిగిలిన ఎనిమిదికి 10 మార్కులు, అంటే ఒక్కో క్విజ్‌కి ఒకటింబావు. దానికోసం రాత్రంతా మేలుకుంటానంటుంది! నాలుగో వారంలో ప్రాజెక్టు ప్రపోజల్ అని ఒక లైనుంది. చిన్న అక్షరాలు, పక్కన మార్కుల్లేవు, పిల్ల చూపు దానిమీద పడనేలేదు. ఆ 30 మార్కుల ప్రాజెక్టు నిలబడేది ఆ లైను మీదే. ఎర్ర గీతలు అటు మార్పించాను.

లేట్ అయితే ఏం చేస్తారన్నది కూడా అందులోనే ఉంటుంది. ఆ కోర్సులో హోంవర్కు ఆలస్యమైతే రోజుకి 10 శాతం కోత, మూడు రోజులు దాటితే సున్నా. ప్రాజెక్టుకి ఒక్క నిమిషం కూడా మినహాయింపు లేదు. రెండూ ఒకే రాత్రి మీద పడితే ఏది వదలాలో ఆ రెండు వాక్యాలే చెప్పేస్తాయి. మూడు కోర్సుల సిలబస్‌లూ చేతికొచ్చిన రోజే తేదీ, మార్కులు, లేట్ కోత, ఈ మూడూ ఒకే కాగితం మీదకి ఎక్కించు. ఓ గంట పని.

ఇక ఏది ముందు అన్నదానికొస్తే, నేను ఒక్కటే అడుగుతాను: ఇది ఇవాళ తప్పితే రేపు సరిదిద్దుకోగలమా? లేదు అన్న పనులే అన్నిటికన్నా ముందు. చిక్కేంటంటే అవి నోరెత్తవు. షిఫ్టు మేనేజరు ఫోన్ చేస్తాడు, రూమ్మేట్ వంట వంతు గురించి గొణుగుతాడు, గ్రూపులో మెసేజీలు మోగుతూనే ఉంటాయి. ఇల్లు మారితే 10 రోజుల్లో కొత్త అడ్రసు చెప్పాలని మాత్రం ఏ ఫోనూ మోగదు. కోర్సు కష్టంగా ఉందని డ్రాప్ కొట్టి ఫుల్‌టైమ్ కంటే కిందకి పోవాలంటే ముందే డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి ఉండాలి, తర్వాత చెబుదాంలే అంటే కుదరదు. సంపాదన ఒక్క డాలరు లేకపోయినా అక్కడి పన్నుల శాఖకి 8843 ఫారం పంపాలి. జీతం వచ్చి ఉంటే పన్ను రిటర్నుకి గడువు ఏప్రిల్ 15. ఓపీటీ (చదివిన రంగంలో కొన్నాళ్లు ఉద్యోగం చేసుకునే అనుమతి) దరఖాస్తు చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకే. అదీ డీఎస్‌ఓ సిఫార్సు చేసిన 30 రోజుల్లోపే అందాలి. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి సీనియర్ మాట మీద ఉండిపోకుండా మీ డీఎస్‌ఓనే అడుగు.

కాపీ కొట్టడం కూడా ఈ పద్దులోదే. ఇక్కడ అసైన్‌మెంట్ పక్కవాడిది చూసి దించితే ఎవరూ పట్టించుకోరు. అక్కడ సీనియర్ పంపిన కోడ్ పేరు మార్చి పెట్టినా, ఏఐ చేత రాయించి నీదే అన్నా, కోర్సులో ఎఫ్ దాకా పోవచ్చు, సస్పెన్షన్ దాకా కూడా పోవచ్చు. సస్పెండ్ అయితే వీసాకే ఎసరు. రాత్రి రెండింటికి హోంవర్కు సగంలో ఉంటే ఆ సగమే పెట్టి పడుకో. రెండు మార్కులు పోతాయి, పోనీ. గడువు దాటకముందే ప్రొఫెసర్‌కి నాలుగు లైన్ల మెయిల్ రాస్తే వినే అవకాశం ఉంది. దాటాక రాస్తే సాకులా ఉంటుంది. ఆఫీస్ అవర్స్‌కి, అంటే సందేహాలు అడగడానికి ప్రొఫెసర్ కేటాయించే వేళలకి, మనవాళ్లు మొహమాటపడి పోరు. పైసా ఖర్చులేని ట్యూషన్ అది, పో.

ఇంటర్న్‌షిప్ సంగతి. "ముందు కాస్త సెటిల్ అవుతాను" అనేవాళ్లే ఎక్కువ. వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకు పెద్ద కంపెనీలు చాలావరకు ఆగస్టు, సెప్టెంబరులోనే దరఖాస్తులు తీసుకుంటాయి, చాలా యూనివర్సిటీల్లో కెరీర్ ఫెయిర్ సెప్టెంబరులోనే పెట్టేస్తారు. నువ్వు పరుపు కొనుక్కునే లోపే అయిపోతుంది. అందుకే రెజ్యూమే వైజాగ్‌లోనే తయారు చేసుకుని విమానం ఎక్కు. జూలై అంతా పూర్ణా మార్కెట్‌లో కారం, పప్పులు, కుక్కర్లు కొనడంతో సరిపోతోంది మీకు. కుక్కరు సరే, పట్టుకెళ్లు. కందిపప్పు అక్కడి ఇండియన్ స్టోర్లోనూ దొరుకుతుంది.

గ్రూప్ ప్రాజెక్టులో నలుగురూ తెలుగువాళ్లే ఉంటే హాయిగానే ఉంటుంది, చివరి రాత్రి వరకు ఎవరూ తెరవరు. పని మొదటి రోజే పంచుకోండి, అంతే. దసరా, దీపావళి సరిగ్గా మిడ్‌టర్ముల రోజుల్లోనే వస్తాయి. తెలుగు సంఘం వాళ్ల కార్యక్రమానికి వెళ్లొద్దనను. చదువు తేదీల పక్కనే అదీ రాసుకో, ముందురోజు ఏం పూర్తి చెయ్యాలో అప్పుడే కనబడుతుంది.

చాలా సబ్మిషన్లు ఆదివారం రాత్రి 11:59కి ఉంటాయి. అప్పుడు మనకిక్కడ సోమవారం ఉదయం 10:29. నాన్నగారు ఆఫీసుకి వెళ్లాక అమ్మ తీరిగ్గా ఫోన్ పట్టుకునే వేళ అన్నమాట! నువ్వు అప్‌లోడ్ బటన్ వెతుక్కునే సమయానికి వీడియో కాల్ వస్తుంది. ఇప్పుడే చెప్పి వెళ్లు, సోమవారం పొద్దున్న చెయ్యొద్దని. డెడ్‌లైన్ అంటే ఆవిడ "రెండు నిమిషాలే నాన్నా" అంటుంది, పరీక్ష అను, వెంటనే పెట్టేస్తుంది. నీ సొంత గడువు మాత్రం ఆదివారం మధ్యాహ్నానికి పెట్టుకో. ఆఖరి గంటలో వైఫై ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు.

యాప్ అడిగావు. ఫోన్లో ఉన్న క్యాలెండరు చాలు. కాకపోతే ఆ తేదీలు మద్దిలపాలెంలో కూర్చుని ఎక్కిస్తున్నప్పుడు టైమ్ జోన్ టెక్సస్‌ది ఎంచుకో. లేదంటే ఇక్కడ రాత్రి 11:59 అని పెట్టింది అక్కడ దిగగానే మధ్యాహ్నం 1:29 అయి కూర్చుంటుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, ఆ రోజు నుంచి ఇంటికి ఫోన్ చేసే వేళ కూడా మారుతుందని అమ్మకి చెప్పు.