నర్సు అయిన తల్లికి కొడుకు మానసిక జబ్బును చూసుకోవడం తేలికేనా?

స్కిజోఫ్రీనియా ఉన్న కొడుకును చూసుకోవడం, నర్సుగా పనిచేసే తల్లికి మిగతావాళ్లకంటే తేలికే కదా అని అడిగారు. కాదండీ. ఇంకా కష్టం.

ఇరవై ఆరేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. మావాడికి ఇరవై రెండో ఏట మొదలైంది. గదిలో ఒక్కడే మాట్లాడుకోవడం, స్నానం మానేయడం, వంటింట్లో ఎవరో తన కంచంలో ఏదో కలుపుతున్నారనడం, అన్నీ నా కళ్లముందే జరిగాయి. ఎదురింటి పిల్లాడైతే వారం తిరక్కుండా సైకియాట్రిస్టు దగ్గరికి పంపేదాన్ని. నా కొడుకు కాబట్టి పరీక్షల టెన్షన్ అనుకుంటూ ఎనిమిది నెలలు పోగొట్టాను.

తర్వాత మాత్రలు వేసుకోనని భీష్మించాడు. వాడికి రాసిన మందు రిస్పెరిడోన్ ద్రవంగా కూడా దొరుకుతుంది, రంగుండదు. కొలిచి పెరుగన్నంలో కలిపాను. రెండు నెలలు అలాగే గడిచాయి. నిద్ర పట్టింది, కాస్త నెమ్మదించాడు. ఒకరోజు రాత్రి మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చి, నా చేతిలో సీసా చూశాడు. అరవలేదు. "నేను చెప్తూనే ఉన్నా కదమ్మా" అన్నాడు, అంతే. మూడు వారాలు సీలు తీయని బిస్కెట్ ప్యాకెట్లు, తనే ఒలుచుకున్న అరటిపళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. వాడి జబ్బు కల్పించిన భయాన్ని నేనే నిజం చేశాను. నెల తిరిగేసరికి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది.

అందుకే చెప్తున్నా, అన్నంలో మందు కలపకండి. డాక్టరే చెప్పినా సరే, వద్దు.

ఇంకో బాధ ఉంది. డిశ్చార్జి రోజున పక్క మంచం అబ్బాయి తల్లికి ఏ మాత్ర ఎందుకో పావుగంట చెప్పారు. నాతో "మీరు సిస్టరే కదా, మీకు చెప్పేదేముంది" అని కాగితం చేతిలో పెట్టారు. ఆరోజు నాకు ఏమీ తెలియదు. అడగడానికి మొహం చెల్లలేదు.

ఇప్పుడు క్లోజపిన్ అనే మందు మీద ఉన్నాడు. దానివల్ల రక్తంలో తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉందని మొదటి 18 వారాలు వారం వారం రక్త పరీక్ష చేయించాలి. ఇంట్లో నేనే తీయగలను. తీయలేదు. ల్యాబ్‌కి తీసుకెళ్లి బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. సూది నా చేతిలో ఉంటే వాడికి మళ్లీ ఆ సీసానే కనిపిస్తుందని నా భయం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి చాలామందికి తెలియదు. వయసొచ్చిన మనిషి, తన వైద్యం విషయంలో తన తరఫున ఎవరుండాలో తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టుకోవచ్చు. మావాడు కుదురుగా ఉన్నప్పుడు నేనే కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాను. నా పేరే రాస్తాడనుకున్నాను. వాళ్ల మేనమామ పేరు రాశాడు.

రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు ఆ కాగితం జిరాక్స్ తీయించి, వాడి ఫైల్లో పైన పెట్టాను.