ఈ రోజు ఏం కూర?

వంటింటి ప్రశ్నలు – పాఠకులకు జవాబులు

• నేను బ్యాంకులో పనిచేస్తాను. ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు దాటుతుంది. వంట నాకు బరువు కాదు. కానీ రోజూ "రాత్రికి ఏం వండను?" అని అడిగితే మావారూ పిల్లలూ "ఏదో ఒకటి" అంటారు. ఆ మాట వినగానే నీరసం వచ్చేస్తుంది. ఏం వండాలో తేల్చుకోవడానికి సులువైన దారి ఉందా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

ఉందమ్మా. నాకు మా అత్తగారు నేర్పారు. సంత నుంచి సంచి రాగానే ఆవిడ కూరగాయలన్నీ చాప మీద కుమ్మరించి, ఏది ముందు వాడిపోతుందో ఆ వరసలో సర్దేవారు. వంట కూడా ఆ వరసలోనే సాగేది. తోటకూర, చుక్కకూర, పాలకూర మొదటి రెండు రోజుల్లో అయిపోవాలి. ఆ తరవాత బెండ, బీర, చిక్కుడు. దొండకాయను మరీ ఉంచితే లోపల ఎర్రగా పండిపోతుంది కనుక అది వారం మధ్యలో వండాలి. దోసకాయ, గుమ్మడికాయ, కంద, చేమదుంప ఎంత ఆలస్యం చేసినా ఏమీ అనుకోవు, వాటిని చివరి రోజులకు ఉంచుకోవచ్చు. అరటికాయను మాత్రం నమ్మకండి, చూస్తుండగానే పండవుతుంది. 1999లో రైతు బజార్లు వచ్చినప్పటి నుంచి నేను ఆదివారం పొద్దున్నే వెళ్లి వారానికి సరిపడా తెచ్చుకుంటున్నాను. ఇంటికి రాగానే చేసే మొదటి పని ఈ సర్దుడే. బుధవారం రాత్రి ఏం వండాలన్నది ఆదివారమే తేలిపోతుంది.

ఇక "ఏదో ఒకటి" సంగతి. మీవాళ్లకు మీ వంట అంటే లెక్కలేదని అనుకోకండి. ఇంట్లో ఏ కూరగాయలు ఉన్నాయో తెలియనివాళ్లు ఇంకేం చెబుతారు? "తోటకూర ఉంది. పప్పులో వేయనా, వేపుడు చేయనా?" అని అడిగి చూడండి. ఎనిమిదేళ్ల మా మనవరాలు కూడా దానికి క్షణం ఆలోచించకుండా జవాబు చెబుతుంది. పైగా తను చెప్పిన కూర కనుక మారు వడ్డించుకుంటుంది.

అసలు ఓపిక లేని రోజున పచ్చిపులుసు ఉండనే ఉంది. నిజామాబాద్ వారికి పచ్చిపులుసు గురించి గుంటూరు జిల్లాలో పుట్టిన నేను చెప్పడం సాహసమే. కానీ మిగతా పాఠకుల కోసం రాస్తున్నాను. 1981లో మావారికి కాజీపేట బదిలీ అయి రైల్వే క్వార్టర్లలో చేరినప్పుడు, కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన పక్కింటి వదినగారు నాకు నేర్పారు. చారు అంటే పొయ్యి మీద మరగాల్సిందే అనుకునే దాన్ని. ఆవిడ పొయ్యి జోలికే పోలేదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, అర లీటరు నీళ్లలో పులుసు పిసికారు. అందులో సన్నగా తరిగిన పెద్ద ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ముక్కలు, ఉప్పు, చిటికెడు బెల్లం, కొత్తిమీర వేసి ఉల్లిపాయను చేత్తో బాగా నలిపారు. చివర రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి కలిపారు. పోపు పెడితే పెట్టవచ్చు, లేకపోయినా లోటు లేదు. కుక్కర్లో ముద్దపప్పు ఉడికేలోగా పులుసు తయారవుతుంది. వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి, దాని మీద ఈ పుల్లటి చల్లదనం! ఆ రాత్రి మావారు మూడుసార్లు అన్నం కలుపుకున్నారు.

• జర్మనీలోని మ్యూనిక్‌లో చదువుకుంటున్నాను. కందిపప్పు, టమాటాలు, చింతపండు, ఉప్పు అన్నీ కలిపి కుక్కర్లో పెడతాను. ఆరు విజిల్స్ వచ్చినా పప్పు బద్దలు బద్దలుగానే ఉంటోంది. ఇక్కడి నీళ్లు కాచే కెటిల్‌లో తెల్లటి పొర కడుతుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా? ఇంకొక విషయం. అమ్మ ఫోను చేసిన ప్రతిసారీ మొదట "ఏం కూర వండుకున్నావు?" అనే అడుగుతుంది. నా చదువు గురించి అడగదేమని కొంచెం బాధగా ఉంటుంది.
– ఒక విద్యార్థి

బాబూ, కెటిల్‌ను గమనించావు చూడు, సగం జవాబు నువ్వే కనిపెట్టావు. ఆ తెల్లటి పొర సున్నం. నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటే అది పప్పు గింజను అతికి ఉంచే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని పట్టుకుని గట్టిపరుస్తుంది. పులుపు కూడా ఆ పెక్టిన్‌ను కరగనివ్వదు. నీ కుక్కర్లో ఈ రెండూ ఒకేసారి చేరాయి. అందుకే మన ఇళ్లలో మామిడికాయ పప్పు చేసినా, గోంగూర పప్పు చేసినా పులుపును ముందుగా పప్పులో కలపని అలవాటు చాలామందికి ఉంది. పప్పు మెత్తబడ్డాకే పులుపు కలుపుతారు.

నువ్వు ఇలా చెయ్యి. నీళ్లు ముందుగా మరిగించి చల్లార్చి, అడుగున తేరిన సున్నం కదలకుండా పైనీళ్లు వంచుకో. ఒక గ్లాసు పప్పును గంటసేపు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మూడు గ్లాసుల తేటనీళ్లతో, కాస్త పసుపు, నాలుగు చుక్కల నూనె మాత్రమే వేసి ఉడికించు. ఆవిరి దానంతట అదే పోయేవరకు మూత తీయవద్దు. టమాటాలు పోపులో మగ్గించి, ఉడికిన పప్పులో కలిపి, చింతపండు రసం, ఉప్పు వేసి అయిదు నిమిషాలు ఉడకనిస్తే చాలు. ఇంత చేసినా ఉడకకపోతే ఆ పప్పు బాగా పాతది. కొత్త పొట్లం కొనుక్కో. వంటసోడా వేయమని ఎవరైనా చెబితే వినకు. పప్పు మెత్తబడుతుంది గాని రుచి చెడుతుంది, పప్పులోని బి1 విటమిన్ కూడా పోతుంది.

అమ్మ ప్రశ్న గురించి రాయడానికి నేను రెండు రోజులు ఆలోచించాను. నువ్వు రాత్రి ఎనిమిదింటికి తింటావనుకుందాం. అప్పటికి ఇక్కడ వేసవిలో పదకొండున్నర, చలికాలంలో పన్నెండున్నర. ఆ వేళ దాకా ఆవిడ నిద్ర ఆపుకుని కూర్చుంటోంది. నీ చదువులోని విషయాలు ఆవిడకు అర్థం కాకపోవచ్చు, తప్పుగా అడిగితే నువ్వు విసుక్కుంటావన్న జంకు ఉండవచ్చు. కూర సంగతి అలా కాదు. "వంకాయ" అన్నావంటే నువ్వు బజారుకు వెళ్లావని, కూర తరిగే తీరిక దొరికిందని ఆవిడకు తెలుస్తుంది. "బ్రెడ్డు తిన్నాను" అంటే ఒంట్లో బాగాలేదేమోనని ఆ రాత్రి నిద్రపోదు. మా అబ్బాయి హాస్టల్లో ఉన్న నాలుగేళ్లూ నేనూ ఇదే అడిగాను. పప్పు బాగా ఉడికిన రోజున ఫొటో తీసి పంపు. తరవాత "నీదేం కూరమ్మా?" అని నువ్వు కూడా అడుగు.

• మజ్జిగ పులుసు ప్రతిసారీ విరిగిపోతోంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

లీటరు మజ్జిగకు రెండు చెంచాల సెనగపిండి ఉండ కట్టకుండా కలిపి, ఆ తరవాతే పొయ్యి మీద పెట్టండి. సన్న సెగ మీద ఒకే వైపుగా కలుపుతూ ఉండాలి. పొంగు రాబోతుండగా దించేయండి. మూత పెట్టవద్దు. ఉప్పు దించాక వేయండి.

• రాత్రి మిగిలిన అన్నం గిన్నెలో అలాగే ఉంచి, పొద్దున పులిహోర కలపడం మా ఇంటి అలవాటు. ఈ మధ్య అది మంచిది కాదని విన్నాను. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

నిజమేనండి. వండినా చావని సూక్ష్మజీవి బీజాలు బియ్యంలో ఉంటాయి. గోరువెచ్చని అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలిచి పెరుగుతాయి. అప్పుడు పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు. మన ఎండాకాలపు రాత్రులు అలాంటివాటికి చాలా అనుకూలం. భోజనాలు కాగానే మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరనిచ్చి, వండిన రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున పులిహోరకు అదే బాగుంటుంది, మెతుకు మెతుకు విడిగా ఉంటుంది. వాసన వచ్చినా, జిగురు పట్టినా మాత్రం మొహమాటం లేకుండా పారేయండి. అన్నం పారేయడమంటే నాకూ ప్రాణం ఒప్పదు. అందుకే రాత్రికి గుప్పెడు బియ్యం తక్కువే పోస్తాను.

• హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌కు మారి మూడు నెలలైంది. ఎదురింటివారు రెండుసార్లు గిన్నెతో కూర పంపారు. చాలా బాగుంది. నా వంట అంతంత మాత్రం. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వలేక ఇంట్లోనే ఉంచుకున్నాను. బజారు నుంచి స్వీట్లు తెచ్చి పెట్టి ఇవ్వనా?
– ఒక పాఠకురాలు

వద్దమ్మా. స్వీట్ల డబ్బా ఇస్తే వాళ్లకు అది బాకీ తీర్చినట్టు ఉంటుంది. మీ ఇంట్లో ఈ రోజు ఏది ఉంటే అదే పెట్టండి. రెండు గరిటెల పప్పు అయినా సరే, నాలుగు వడియాలు అయినా సరే. ఏమీ లేకపోతే కాస్త పంచదార పోసి ఇవ్వండి, మా అమ్మ అలాగే చేసేది. ఇచ్చేటప్పుడు "మీ కూరలో ఏం వేశారు?" అని అడగండి. వండినవాళ్లకు అంతకన్నా ఇష్టమైన మాట ఉండదు.

గిన్నె మాత్రం ఎక్కువ రోజులు ఉంచుకోకండి. కాజీపేటలో మా క్వార్టర్ల వరసలో గిన్నెలన్నీ ఏ పూట ఎవరింట్లో ఉంటాయో తెలిసేది కాదు. అందుకే స్టీలు కొట్లో ప్రతి గిన్నె మీదా ఇంటివారి పేరు కొట్టించుకునేవాళ్లం. నేను గోంగూర పచ్చడి పంపితే వదినగారి దగ్గర నుంచి సర్వపిండి ముక్కలు వచ్చేవి. 1987లో మాకు రాజమండ్రి బదిలీ అయింది. సామాను విప్పుతుంటే ఆవిడ పేరున్న గిన్నె ఒకటి బయటపడింది. ప్రాణం ఉసూరుమని వెంటనే ఉత్తరం రాశాను. "మీ పేరున్న గిన్నె నా దగ్గర ఉంది వదినా, దాన్ని నేను ఇవ్వను, నాది మీరు పంపవద్దు" అని జవాబు వచ్చింది.

ఆ గిన్నె మీద అక్షరాలు తోమితోమి సగం అరిగాయి. చింతపండు అందులోనే నానబెడతాను. ఈ సాయంత్రం కూడా నానుతోంది, పచ్చిపులుసుకే.