ప్రశ్న–జవాబు: కారు స్పీకర్లు మార్చేముందు

ప్రశ్న: మాది ఏడేళ్ల హ్యాచ్‌బ్యాక్. ముందు తలుపుల్లోని 6.5 అంగుళాల కంపెనీ స్పీకర్లు బొంగురుపోయాయి. స్టీరియో మార్చే ఉద్దేశం లేదు. షాపులో 300 వాట్ల స్పీకర్లు తీసుకోమంటున్నారు. సరిపోతాయా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆ 300 సంగతి వదిలేయండి. అది స్పీకరు రెప్పపాటు తట్టుకునే గరిష్ఠం. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఎడతెగకుండా తట్టుకునే పవర్. స్టీరియో మీద 50 వాట్లు అని రాసి ఉన్నా అదీ ఇలాంటి అంకే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఉండే 14.4 ఓల్టులతో, 4 ఓమ్‌ల స్పీకరుకు శబ్దం చెడకుండా పంపగలిగేది లెక్క ప్రకారమే 26 వాట్లు. నష్టాలు పోను మిగిలేది 15–20.

ఇంత తక్కువ పవర్‌తో గట్టిగా మోగాలంటే సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కు ఎంత మోత ఇస్తుందో చెప్పే అంకె) ఎక్కువున్న స్పీకరు కావాలి. 88 డెసిబెల్స్ స్పీకరుకు 20 వాట్లు పట్టే మోతను 91 డెసిబెల్స్‌ది 10 వాట్లకే ఇస్తుంది. ఇక్కడో మెలిక ఉంది. కొన్ని కంపెనీలు 1 వాటుతో కొలిస్తే, కొన్ని 2.83 ఓల్టులతో కొలుస్తాయి. 4 ఓమ్‌ల స్పీకరుకు 2.83 ఓల్టులంటే 2 వాట్లు, కాబట్టి అంకె 3 ఎక్కువ కనిపిస్తుంది. ఏ పద్ధతో చూడకుండా రెండు డబ్బాలు పోల్చకండి. ఇంపెడెన్స్, అంటే స్పీకరు కరెంటుకు ఇచ్చే అడ్డు, 4 ఓమ్‌లే ఉండాలి. 2 ఓమ్‌లవి పెడితే స్టీరియోలోని చిప్ వేడెక్కి ఆగిపోవచ్చు.

డ్యాష్‌బోర్డులోనో అద్దం మూలలోనో ట్వీటరుకు (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకరు) చోటుంటే, అది విడిగా వచ్చే కాంపొనెంట్ సెట్ తీసుకోండి. లేకపోతే రెండూ ఒకదాంట్లోనే ఉండే కోయాక్సియల్ చాలు. కాకపోతే అందులో ట్వీటరు కూడా తలుపు అడుగునే ఉండి మీ పిక్కలకు పాట వినిపిస్తుంది. దానికి తగ్గట్టు ట్రెబుల్ కాస్త పెంచుకోవాలి.

కొనేముందు కిటికీ అద్దం పూర్తిగా దించి, స్పీకరు బిగించే చోటి నుంచి అద్దం దాకా లోతు కొలవండి. స్పీకరు మౌంటింగ్ డెప్త్ (వెనక్కి పట్టే లోతు) దానికంటే కనీసం 5 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. చాలకపోతే స్పేసర్ రింగు వేయాలి, కానీ అప్పుడు ముందువైపు డోర్ ప్యాడ్‌కు తగులుతుందేమో కూడా చూసుకోవాలి. షాపుల్లో తరచు ఎండీఎఫ్ చెక్క రింగు వేస్తారు. విశాఖలో అది వద్దంటాం. వానకు తలుపు లోపల నీళ్లు కారడం మామూలే. చెక్క ఉబ్బి స్క్రూలు వదులవుతాయి. ప్లాస్టిక్ రింగు, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు అడగండి. కోన్ (స్పీకరులో కదిలే గరాటు భాగం) చుట్టూ అంచు ఫోమ్‌ది కాకుండా రబ్బరుది చూసుకోండి, తేమకు ఫోమ్ త్వరగా పొడిపొడి అవుతుంది. కాంపొనెంట్ సెట్‌తో వచ్చే, సన్నని శబ్దాలను ట్వీటరుకు వేరుచేసి పంపే క్రాస్ఓవర్ డబ్బాను తలుపులో కాకుండా డ్యాష్‌బోర్డు కింద పెట్టించండి. వైర్లు కోయనివ్వకండి, మీ కారు సాకెట్‌కు సరిపోయే కనెక్టరు దొరుకుతుంది.

ప్రశ్న: కొత్త స్పీకర్లు వేయించాక బేస్ పాతవాటికంటే తగ్గింది. స్పీకర్లే నాసిరకమా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: చాలావరకు తప్పు బిగింపుదే. ముందు బ్యాలెన్స్‌ను పూర్తిగా ఒకవైపు తిప్పి వినండి. రెండూ కలిసి మోగేటప్పటికంటే ఒక్కటే మోగినప్పుడు బేస్ బాగుంటే, ఒక తలుపులో ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒక కోన్ ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతూ బేస్‌ను చంపేస్తుంది. స్పీకరు వైర్లను స్టీరియో నుంచి విడదీసి, 1.5 ఓల్టుల సెల్లును ప్లస్‌కు ప్లస్‌గా క్షణం తాకించండి. కోన్ బయటికి రావాలి. ట్వీటరు మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి.

పోలారిటీ (ప్లస్, మైనస్) సరిగానే ఉంటే సందులు వెతకండి. కోన్ వెనక నుంచి వచ్చే శబ్దం ముందుకు జారితే బేస్ అక్కడే పోతుంది. రింగుకీ తలుపు రేకుకీ మధ్య ఫోమ్ టేపు వేయించి, రేకులోని పెద్ద కంతలను బ్యూటైల్ షీటుతో మూయించండి. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయకూడదు. మూస్తే తలుపే తుప్పు పడుతుంది. బేస్ బూస్ట్ పెంచి సరిపెట్టుకుందామనుకోకండి. 6 డెసిబెల్స్ పెంచితే నాలుగు రెట్ల పవర్ కావాలి. అది లేని స్టీరియో శబ్దాన్ని చిరగ్గొడుతుంది, ఆపైన ట్వీటర్లు మాడతాయి.

ప్రశ్న: మా కారు రాత్రిళ్లు సముద్రపు ఒడ్డునే ఉంటుంది. కుడి స్పీకరు ఒకసారి మోగి ఒకసారి ఆగుతోంది. మార్చాలా?
– ఒక పాఠకుడు, లాసన్స్ బే కాలనీ

జవాబు: ఇప్పుడే వద్దు. పాట పెట్టి తలుపు మెల్లగా తెరిచి మూయండి. అప్పుడే శబ్దం వచ్చిపోతుంటే కీలు దగ్గరి రబ్బరు గొట్టంలో వైరు తెగింది. అది కాకపోతే ఉప్పుగాలికి టెర్మినల్స్ పచ్చబడి ఉంటాయి. కాంటాక్ట్ క్లీనరుతో శుభ్రం చేసి, క్రింప్ చేసి (కనెక్టరును వైరుకు నొక్కి బిగించి), వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ గొట్టం తొడిగించండి. వైర్లు విడదీసి మల్టీమీటరుతో కొలిస్తే మంచి 4 ఓమ్‌ల స్పీకరు 3 నుంచి 4 మధ్య చూపిస్తుంది. అసలేమీ చూపించకపోయినా, కోన్‌ను వేళ్లతో సమానంగా నొక్కినప్పుడు గీసుకుంటున్నట్టు గరగరలాడినా మార్చాల్సిందే. రెండు తలుపులవీ కలిపే మార్చండి.

ప్రశ్న: హ్యాచ్‌బ్యాక్ వెనక ట్రే మీద 6×9 అంగుళాల స్పీకర్లు పెట్టించవచ్చా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: ఆ పల్చటి ట్రే అదురుతుంది, గట్టి బ్రేకు పడితే బరువైన స్పీకర్లతో సహా ముందుకు ఎగురుతుంది. అదే డబ్బు ముందు తలుపులకు పెట్టండి. ఇంకా బేస్ కావాలంటే సీటు కింద పట్టే, సొంత యాంప్లిఫయర్ ఉన్న సబ్ఊఫర్ వేయించి, దాని పవర్ వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించండి.