సీట్ల లెక్కతో మొదలుపెట్టు

తమ్ముడూ,

పోలండ్ మీద నువ్వు రాసిన చిత్తుప్రతి చూశాను. ‘ప్రజాగ్రహ ప్రభంజనంలో ఎర్రకోటలు కూలాయి’ అని ఎత్తుకున్నావు. ఆ వాక్యం కొట్టెయ్. అక్కడ కోటలేవీ కూలలేదు. 1989 ఫిబ్రవరి 6 నుంచి ఏప్రిల్ 5 దాకా కమ్యూనిస్టు పాలకులూ, కార్మిక సంఘంగా పుట్టిన ప్రతిపక్ష ఉద్యమం సాలిడారిటీ వాళ్లూ వార్సాలో కూర్చుని బేరమాడుకున్నారు. ఆ బేరం ఏమిటో పాఠకుడికి అర్థమయ్యేలా చెప్పగలిగితే సగం వ్యాసం అయిపోయినట్టే.

దిగువ సభ సెయిమ్‌లో 460 సీట్లు. అందులో 299 పాలక పార్టీకీ దాని తోక పార్టీలకీ ముందే రాసిచ్చేశారు. అసలు పోటీ మిగతా 161కే. కొత్తగా పెట్టిన సెనేట్‌లో మాత్రం 100కి 100 పోటీకి వదిలారు. జూన్‌లో రెండు విడతలూ ముగిసేసరికి సాలిడారిటీకి సెయిమ్‌లో 161, సెనేట్‌లో 99.

ఇక్కడ అంకెలు చెప్పి ఊరుకోకు, బ్యాలెట్ చూపించు. అప్పట్లో అక్కడ నచ్చినవాడికి గుర్తు పెట్టేవారు కాదు, నచ్చనివాడి పేరు కొట్టేసేవారు. ప్రధాని రకోవ్‌స్కీతో సహా 35 మంది పెద్దలను పోటీయే లేని జాతీయ జాబితాలో పెట్టారు. సగానికి మించి ఓట్లు వస్తే చాలు. జనం పెన్ను తీసి గీతలు గీసేశారు, 33 మంది పోయారు. ఎదురు నిలిచినవాడు లేకుండానే ఓటమి! ఆ ఖాళీలు ఎలా నింపాలో చట్టంలో లేకపోవడంతో రెండు విడతల మధ్యలో చట్టాన్నే సవరించారు.

299 చేతిలో ఉన్నా ప్రభుత్వం ఎందుకు జారిపోయింది? నీ ప్రతిలో దీనికి జవాబు లేదు. కమ్యూనిస్టుల సొంత సీట్లు 173. తోక పార్టీల్లో పెద్దవి రెండింటికి 76, 27. ఆ రెండూ సాలిడారిటీ వైపు దూకాయి. 161తో కలిపితే 264, కావలసింది 231. ఆగస్టు 24న సాలిడారిటీ మనిషి మజోవియెత్‌స్కీ ప్రధాని అయ్యాడు. బెర్లిన్ గోడ కూలకముందే ఈ తోక పార్టీల వాళ్లు గోడ దూకారన్నమాట. ఫిరాయింపుల సంగతి మన పాఠకుడికి విడమర్చక్కర్లేదు.

అలాగని ‘ఆ రోజుతో పాలన మారింది’ అని రాయకు. కావలసిన దానికంటే ఒకే ఒక్క ఓటు ఎక్కువతో గెలిచిన కమ్యూనిస్టు నేత యారుజెల్‌స్కీ అప్పటికి అధ్యక్షుడు. హోం, రక్షణ శాఖలు 1990 మధ్య దాకా కమ్యూనిస్టు జనరళ్ల దగ్గరే ఉన్నాయి. కొత్త రాజ్యాంగం 1997లో గానీ రాలేదు. సభ, అధ్యక్ష పదవి, పోలీసు, సైన్యం, రాజ్యాంగం: దేని తేదీ దానికి విడిగా ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకో.

1993లో మాజీ కమ్యూనిస్టులు తిరిగి గెలవడాన్ని ‘పాత రోజుల మీద బెంగ’ అని తేల్చేశావు. బెంగ కొంత ఉండొచ్చు. కానీ ఆ ఎన్నికకు కొత్త నిబంధన వచ్చింది: పార్టీకి 5 శాతం, కూటమికి 8 శాతం ఓట్లు రాకపోతే సీట్లు లేవు. కుడిపక్షాలు ముక్కలు ముక్కలుగా పోటీ చేసి గీత దాటలేకపోయాయి. మూడో వంతు ఓట్లు వృథా. మాజీ కమ్యూనిస్టులకూ రైతు పార్టీకీ కలిపి వచ్చినవి 36 శాతం ఓట్లే, సీట్లు మాత్రం 303. బెంగ కథ కన్నా ఈ లెక్కే నాకు రుచిగా ఉంది. హంగరీ సంగతి ఇందులో ఇరికించకు, దానికి వేరే వ్యాసం కావాలి.

పేర్ల విషయంలో ఒకటే పద్ధతి పట్టుకో. సాలిడారిటీ నాయకుణ్ని ఒక పేజీలో వాలెసా, ఇంకో పేజీలో వావెన్సా అంటే ఇద్దరనుకుంటారు. 1993 పేరా తిరగరాసి ముందు అదొక్కటే పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య